ఫ్రిస్కో పట్టాల వెంట టల్సా దాకా

నాన్నకు రైళ్ళ పిచ్చి. తెనాలి స్టేషన్ కూతవేటు దూరంలో పుట్టి, అక్కడే హైస్కూల్లో సోషల్ మాస్టారుగా రిటైరైన మనిషి. పోయినసారి వచ్చినప్పుడు నయాగరా చూపించినా పెద్దగా ఆనందపడలేదు. ఈసారి ఇంటి పక్కనున్న రైల్వే మ్యూజియానికి తీసుకెళ్తే సగం రోజు బయటికి రాలేదు. టెక్సస్‌లో మేం ఏడేళ్ళుగా ఉంటున్న ఫ్రిస్కోకి ఆ పేరెలా వచ్చిందో నాకు అప్పటిదాకా తెలియదు. సెయింట్ లూయిస్-శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేని జనం పొట్టిగా ‘ఫ్రిస్కో’ అనేవారట. ఆ లైను మీద పుట్టిన ఊరు కాబట్టి ఊరికీ అదే పేరు.

“ఈ లైను ఇంకా ఎక్కడెక్కడికి పోయేదిరా?” అన్నారు. ఫోన్ తీసి చూశాను. ఉత్తరాన షెర్మన్, డెనిసన్. ఇదే కంపెనీ లైను ఓక్లహోమాలో టల్సా ఊరి మధ్యగా పోయేదని కూడా ఉంది. టల్సా అనగానే నాన్న తలెత్తి, “నల్లవాళ్ళ పేటని తగలబెట్టింది అక్కడే కదూ?” అన్నారు.

అక్టోబరు లాంగ్ వీకెండ్‌కి కొలరాడో అనుకున్నది కాస్తా అలా టల్సా అయింది. మా ఆవిడకి ఆఫీసులో రిలీజ్ ఉంది. ఇద్దరమే బయల్దేరాం.

శుక్రవారం, అక్టోబరు 10: హైవే 75

నాలుగు గంటల దారి మాకు ఐదున్నర పట్టింది. నాన్న ప్రతి గూడ్సు బండికీ వ్యాగన్లు లెక్కపెడతారు, లెక్క తప్పితే కారు స్లో చెయ్యమంటారు.

షెర్మన్‌లో పెట్రోలు పోయించుకున్నాం. ఈ ఊరు మనవాళ్ళకు కొత్త కాదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ చిప్ ఫ్యాక్టరీ మాట వచ్చిన దగ్గర్నుంచి మా వాట్సాప్ గ్రూపుల్లో షెర్మన్ ఇళ్ళ కబుర్లే. నేనూ రెండుసార్లు వచ్చి మోడల్ హోమ్‌లు చూసిపోయాను. అప్పుడెంత ఉండేది, ఇప్పుడెంతయిందని నాన్నకు గొప్పగా చెప్పాను. ఆ ఊరి గురించి అంతకుమించి తెలియదు, తెలుసుకోవాలనీ ఎప్పుడూ అనిపించలేదు.

దారిలో ఒక చెట్టు కింద ఆగి పులిహోర, పెరుగన్నం తిన్నాం. ఓక్లహోమాలోకి వెళ్ళాక ఎదురొచ్చే ట్రక్కులవాళ్ళు స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళు లేపి పలకరిస్తున్నారు. మూడో ట్రక్కు నుంచి నాన్న కూడా వేళ్ళు లేపడం మొదలుపెట్టారు.

మోటెల్ గుజరాతీ పెద్దాయనది. గది 79 డాలర్లు, పన్ను అదనం. ఎందుకొచ్చారని హిందీలో అడిగాడు. తగలబెట్టిన ఆ పేట, గ్రీన్‌వుడ్ చూడటానికి అన్నాను. “అక్కడేముంది భాయ్? ఫ్లైఓవర్ ఉంది. గ్యాదరింగ్ ప్లేస్ పార్కుకి పోండి, బాగుంటుంది” అన్నాడు. నాన్న జేబులోంచి చిన్న డైరీ తీసి రోజు ఖర్చు రాసుకున్నారు. డాలర్లు ఒకవైపు, ఎనభై ఎనిమిదితో హెచ్చవేసిన రూపాయలు ఇంకోవైపు. రూపాయల వైపు చూసి నిట్టూర్చి పడుకున్నారు.

శనివారం: గ్రీన్‌వుడ్

గుజరాతీ పెద్దాయన చెప్పింది అబద్ధమేమీ కాదు. నేను ఒక ఎగ్జిట్ ముందే దిగిపోయాను. జీపీఎస్ తిప్పి తిప్పి ఇంటర్‌స్టేట్ 244 ఫ్లైఓవర్ కిందకి తెచ్చి, “మీరు చేరుకున్నారు” అంది. పైన లారీల మోత, కింద స్తంభాలు. గ్రీన్‌వుడ్ ముద్దుపేరు ‘బ్లాక్ వాల్‌స్ట్రీట్’ అని పెద్దక్షరాలతో వేసిన మ్యూరల్ చూశాకగానీ ఇదేనని నమ్మకం కలగలేదు. నడుచుకుంటూ దక్షిణానికి వెళ్తే ఆర్చర్ వీధి మూలన ఎర్ర ఇటుక భవనాలు ఒక వరస. పాత గ్రీన్‌వుడ్ బజారులో కంటికి కనపడేది దాదాపు అంతే. నడవడానికి పది నిమిషాలు చాలు. మాకు మాత్రం రెండు గంటలు పట్టింది, తలలు నేలకేసి నడిచాం కాబట్టి.

కాలిబాటలో అడుగడుక్కీ లోహపు ఫలకాలు పొదిగారు. ఒక్కోదాని మీద ఒక్కో వ్యాపారం పేరు. 1921లో ధ్వంసమైంది, మళ్ళీ తెరిచారు. ఇంకోటి: ధ్వంసమైంది, మళ్ళీ తెరవలేదు. నాన్న ఒక్కోదాని దగ్గరా వంగి, కళ్ళజోడు సర్దుకుని, పైకి చదువుతున్నారు. క్లాసులో హాజరు పిలిచే గొంతుతో.

కథ తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. 1905లో టల్సా దగ్గర గ్లెన్‌పూల్‌లో ఆయిల్ పడింది, ఊరు ఉబ్బిపోయింది. ఫ్రిస్కో పట్టాలకు దక్షిణాన తెల్లవాళ్ళు, ఉత్తరాన నల్లవాళ్ళు. అవతలి వైపు కొట్లలో నల్లవాళ్ళకు మర్యాద లేదు కాబట్టి వాళ్ళ డబ్బు వాళ్ళ వీధిలోనే తిరిగింది. ఓ.డబ్ల్యు. గర్లీ అనే ఆయన 1906లో ఇక్కడ 40 ఎకరాలు కొని, తనవాళ్ళకు ప్లాట్లు వేసి అమ్మాడు. బానిస కొడుకుగా పుట్టిన జె.బి. స్ట్రాడ్‌ఫర్డ్ 54 గదుల హోటల్ కట్టాడు. డ్రీమ్‌ల్యాండ్ అని సినిమాహాలు. డాక్టర్లు, లాయర్లు, పత్రికలు. అంతటి పేట 1921 మే 31 రాత్రి మొదలై మర్నాడు మధ్యాహ్నానికల్లా బూడిదైంది. 35 బ్లాకులు. రెడ్‌క్రాస్ లెక్కలో 1,256 ఇళ్ళు కాలిపోయాయి. చనిపోయినవాళ్ళు 36 మందని అప్పటి సర్కారు లెక్క. చరిత్రకారులు వంద నుంచి మూడు వందలంటారు. చేతులెత్తి ఇంట్లోంచి బయటికొచ్చిన సర్జన్ ఎ.సి. జాక్సన్‌ని ఆయన వాకిట్లోనే కాల్చేశారు.

ఒక ఫలకం దగ్గర నాన్న లేవలేక నా చెయ్యి పట్టుకుంటే, బెంచీ మీదున్న ముసలాయన జరిగి చోటిచ్చారు. “కూర్చో యంగ్ మ్యాన్” అన్నారు నాన్నని. నాన్నకు డెబ్భై నాలుగు. ఆయనకి ఇంకో పదేళ్ళు ఎక్కువుంటాయేమో. ఇస్త్రీ చేసిన చొక్కా, టోపీ, చేతిలో మడిచిన పేపరు. ఎక్కణ్ణుంచి వచ్చారో, ఏం తిన్నారో, పిల్లలెందరో అంతా అడిగారు. తెనాలిలో రైలుపెట్టెలో పక్కసీటు మనిషి అడిగినట్టే.

వాళ్ళ నాయనమ్మ ఆ రాత్రి ఇక్కడే ఉందట. అప్పుడు ఆమెకి పన్నెండేళ్ళు. “మీకేం చెప్పింది?” అన్నాను. “ఏమీ చెప్పలేదు. ఆ మాటెత్తితే పొయ్యి వైపు తిరిగేది. నేను యాభై దాటాక మ్యూజియంవాళ్ళ దగ్గర విన్నాను.” స్కూలు పుస్తకాల్లో లేదు. తెల్లవాళ్ళు చెప్పుకోలేదంటే అర్థముంది, నల్లవాళ్ళ ఇళ్ళల్లో కూడా చెప్పుకోలేదు. పిల్లలకి తెలిస్తే కోపమొస్తుంది, కోపమొస్తే ప్రాణం పోతుందని భయం.

నేను మాటల మధ్యలో ‘రయట్’ అన్నాను. ఆయన నెమ్మదిగా నా మోకాలు తట్టి, “మాసకర్”, అంటే ఊచకోత, అని దిద్దారు. ‘అల్లర్లు’ అన్న ఆ ఒక్క మాటతో ఇన్సూరెన్సు కంపెనీలు పైసా ఇవ్వలేదట. పాలసీల్లో అల్లర్లకు పరిహారం లేదని ఒక లైను ఉంటుంది కదా, అది చూపించారు. అంతటితో ఆగలేదు, అల్లర్లు రెచ్చగొట్టాడని స్ట్రాడ్‌ఫర్డ్ మీదే కేసు పెట్టారు. ఆయన షికాగో వెళ్ళిపోయి అక్కడే పోయాడు. ఆ కేసు కొట్టేసింది 1996లో.

లేచేముందు ఆయన, “టెక్సస్ నుంచి 75 మీద వచ్చారా? అయితే షెర్మన్ దాటే వచ్చారు” అన్నారు. పెట్రోలు అక్కడే పోయించుకున్నామన్నాను. “తొమ్మిదేళ్ళ తర్వాత అక్కడ” అని ఆగి, “వెళ్ళేటప్పుడు కోర్టు దగ్గర ఆగండి” అన్నారు. ఏమిటని అడిగితే చెప్పలేదు. “మీకు ఫోనుంది కదా, చదువుకోండి.”

మధ్యాహ్నం అదే వీధిలో చిన్న హోటల్. మెనూ గోడమీద. వడ్డించే ఆవిడ అందర్నీ ‘బేబీ’ అనే పిలుస్తోంది, నాన్నని కూడా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వేయించిన క్యాట్‌ఫిష్, మన వాలుగకి చుట్టం. ఆకుకూర పంది మాంసంతో గంటలకొద్దీ ఉడికించింది, అది నాన్న పక్కన పెట్టారు. బొబ్బర్లు చూసి మాత్రం మొహం విప్పారింది. తర్వాత బెండకాయ ముక్కలు, మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించినవి. “బెండకాయ ఇక్కడికెట్లా వచ్చిందో అడుగు” అన్నారు. అడిగాను. “మాతోపాటే వచ్చింది బేబీ, ఓడల్లో” అందావిడ, టీ గ్లాసు నింపుతూ. ఆ టీలో పంచదార పాకం అంత ఉంది. ఇద్దరికీ టిప్పుతో 41 డాలర్లు. నాన్న డైరీలో 3,608 రాసి, ఈసారి నిట్టూర్చలేదు.

మ్యూజియం పేరు గ్రీన్‌వుడ్ రైజింగ్. 2021లో, నూరేళ్ళు నిండిన ఏడాది తెరిచారు. లోపల ఒక మంగలి షాపు. మనం కుర్చీలో కూర్చుంటే ఎదురుగా హోలోగ్రామ్ మంగళ్ళు కబుర్లు చెబుతూ క్షవరం చేస్తుంటారు. అక్కడ నవ్వుకున్నాం. తర్వాతి గదికి ముందు ఒక దారి వేరుగా ఉంది. ముందున్నది చూడలేమనుకునేవాళ్ళు అటు తప్పుకుని వెళ్ళొచ్చు. ఆ ఏర్పాటు నాకు నచ్చింది. నాన్న దాన్ని చూసి, “మనం అన్నిసార్లూ అటే పోయాం” అని గొణిగారు. అప్పటికి నాకు అర్థం కాలేదు.

ఎలా మొదలైందో అక్కడ చూపిస్తారు. డిక్ రోలండ్ పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, బూట్లు పాలిష్ చేసేవాడు. మే 30న డ్రెక్సెల్ బిల్డింగ్ లిఫ్టు ఎక్కాడు. లిఫ్టు నడిపే తెల్లపిల్ల శారా పేజ్ అరిచింది. లోపల ఏం జరిగిందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. తూలి ఆమె కాలు తొక్కాడని ఒక మాట. మర్నాడు పత్రికలో వార్త, సాయంత్రానికి కోర్టు చుట్టూ గుంపు. కుర్రాణ్ణి ఉరితీయకుండా కాపాడదామని, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన నల్లజాతి సైనికులు తుపాకులతో వెళ్ళారు. పెనుగులాటలో తుపాకీ పేలింది. తర్వాత ఆ పిల్ల కేసు వద్దంది, కుర్రాడి మీద అభియోగం కొట్టేశారు. అప్పటికి కాలాల్సినదంతా కాలిపోయింది.

నాన్న ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు. “చుండూరులో కూడా కాలి దగ్గరే మొదలైందిరా” అన్నారు. “సినిమాహాల్లో. ముందు సీటువాడికి కాలు తగిలిందని.”

ఇంకో అద్దాల పెట్టె ముందు ఆగిపోవడం నా వంతైంది. ఊచకోత తర్వాత దాదాపు ఆరు వేల మంది నల్లవాళ్ళని కన్వెన్షన్ హాల్లో, బేస్‌బాల్ మైదానంలో, సంత మైదానంలో బంధించారు. బయటికి రావాలంటే ఎవరైనా తెల్ల యజమాని వచ్చి పూచీ పడాలి. ఊళ్ళో తిరగాలంటే యజమాని సంతకం ఉన్న కార్డు జేబులో ఉండాలి. ఆకుపచ్చ కార్డు. జనం దాన్ని గ్రీన్‌కార్డ్ అనే అనేవారట. పదకొండేళ్ళుగా యజమాని సంతకంతో గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నవాణ్ణి, నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. రెండూ ఒకటి కాదు. నా ఇల్లు ఎవరూ తగలబెట్టలేదు.

శనివారం రాత్రి: మోటెల్

తెచ్చుకున్న కందిపొడి, మోటెల్ మైక్రోవేవ్‌లో అన్నం. తింటూ నాన్న చెప్పారు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

చుండూరు మా తెనాలికి దగ్గరే, అదే రైలు లైను మీద. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారు. కొన్ని శవాల్ని గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఇంట్లో ఎవరూ నాతో ఏమీ అనలేదు. గుర్తున్నది ఒక్కటే, కొన్నాళ్ళు రేడియో పెట్టనివ్వలేదు. మాకు ఆ ఊళ్ళో బంధువులున్నారు. ఏ వైపు బంధువులో చెప్పక్కర్లేదు. పట్టాలకు ఇవతలివాళ్ళం మేము.

“పేటవాళ్ళు చదువుకుంటున్నారు, మంచి చొక్కాలు వేస్తున్నారు, మన పొలాల్లోకి రావటంలేదు అనుకునేవాళ్ళు చుట్టాలు. అదే వాళ్ళ బాధ. కాలు తగలటం కాదు” అన్నారు నాన్న. “ఆ పేట నుంచి పాసింజర్లో వచ్చే పిల్లలు నా క్లాసులో ముగ్గురు. ఆగస్టు ఏడు నుంచి రాలేదు. పేట జనమంతా తెనాలి వచ్చి శిబిరంలో ఉన్నారు, స్కూలుకి నడిచి వెళ్ళేంత దూరం. నేను వెళ్ళి చూడలేదు. రిజిస్టర్లో రోజూ ‘ఆ’ అని పెట్టుకుంటూ పోయా. ఆబ్సెంట్. నెల తర్వాత పేర్లు కొట్టేశాం.”

ఆయన ఇప్పటికీ ‘చుండూరు సంఘటన’ అనే అంటారు. ఆ రాత్రి కూడా ముందు అదే అని, ఒక క్షణం ఆగి, “సంఘటన ఏమిటి, ఊచకోత” అని దిద్దుకున్నారు.

ఆదివారం: ఓక్‌లాన్, ఆపైన ఇంటిదారి

పొద్దున్నే జాన్ హోప్ ఫ్రాంక్లిన్ రీకన్సిలియేషన్ పార్కు. ఈ చరిత్రకారుడి తండ్రి బి.సి. ఫ్రాంక్లిన్ లాయరు. ఊరు కాలిపోయాక, ఇళ్ళు మళ్ళీ కట్టుకోకుండా నగరపాలకులు ఫైర్ నిబంధనలు అడ్డుపెడితే, ఆయన గుడారంలో ఆఫీసు పెట్టి ఆ ఆర్డినెన్సుని కోర్టులో కొట్టించాడు. జనం అదే బూడిద మీద మళ్ళీ కట్టుకున్నారు. కొత్తగా కట్టిన రెండు నెలల్లోపే కాలిపోయిన మౌంట్ జయాన్ చర్చి అప్పు 1942 దాకా తీర్చారంటే చూడండి, లేని భవనానికి వాయిదాలు. నలభైల్లో గ్రీన్‌వుడ్ మళ్ళీ కళకళలాడింది. ఆ రెండో గ్రీన్‌వుడ్‌ని మింగింది అర్బన్ రెన్యువల్ (పాత పేటలు కూల్చి ఊరు బాగుచేస్తామనే సర్కారు పథకం), నిన్న మేం నిలబడ్డ ఫ్లైఓవర్. దీనికి గుంపు అక్కర్లేకపోయింది.

పార్కులో మూడు కంచు విగ్రహాలు. ఒకటి తుపాకీ పట్టిన తెల్లవాడు. ఒకటి చేతులెత్తిన నల్లవాడు. మూడోది నల్ల పసిబిడ్డని ఎత్తుకున్న మారిస్ విలోస్, రెడ్‌క్రాస్ మనిషి, తెల్లవాడే. మూడోదాని దగ్గర నాన్న ఎక్కువసేపు ఉండలేదు.

అక్కణ్ణుంచి ఓక్‌లాన్ శ్మశానం. పదకొండో వీధిలో, అంటే పాత రూట్ 66 మీదే. నేను ముందు వేరే గేటు దగ్గర ఆపి, చుట్టూ తిరిగి వచ్చాను. గుర్తుల్లేని సమాధుల కోసం ఇక్కడ 2020 నుంచి తవ్వుతున్నారు. 2024 జులైలో డీఎన్‌ఏతో మొదటి పేరు దొరికింది: సి.ఎల్. డేనియల్. జార్జియా మనిషి, మొదటి ప్రపంచ యుద్ధ సైనికుడు. కొడుకు టల్సాలో చనిపోయాడని వాళ్ళ అమ్మ తరఫున లాయరు రాసిన పాత ఉత్తరం కూడా ఆర్కైవ్స్‌లో దొరికింది. నూట మూడేళ్ళకి ఒక్క పేరు.

“చుండూరులో అట్లా కాదు” అన్నారు నాన్న, గడ్డి మీద నిలబడి. “శవాల్ని ఊరి నడిమధ్యలో పాతిపెట్టారు. రక్తక్షేత్రం అన్నారు. ఎటు పోవాలన్నా దాన్ని చూస్తూ పోవాల్సిందే.” కోర్టుల్లో మాత్రం పెద్ద తేడా లేదు. టల్సాలో ఆ హత్యలకి ఒక్కరికీ శిక్ష పడలేదు. 2024 జూన్‌లో, అప్పటికి బతికున్న ఇద్దరు బాధితులు వేసిన దావానీ ఓక్లహోమా సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటికే ఆ ఇద్దరికీ నూరేళ్ళు ఎప్పుడో దాటాయి. చుండూరు కేసులో 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. నాన్న రైలు నెంబర్లు చెప్పినట్టు ఈ తేదీలన్నీ చెప్పారు. ఇవన్నీ ఎప్పుడు చదివారో, ఎక్కడ దాచుకున్నారో.

షెర్మన్ చేరేసరికి చీకటి పడింది, వాన మొదలైంది. దారిలో నాన్నకు నా ఫోన్ ఇచ్చి చదవమన్నాను. 1930 మే 9. జార్జ్ హ్యూస్ అనే నల్లజాతి కూలీ మీద విచారణ జరుగుతుంటే గుంపు కోర్టుకే నిప్పుపెట్టింది. ఫైరింజన్ గొట్టాలు కోసేసింది. ఖజానా గదిలో దాచిన మనిషి అందులోనే చనిపోయాడు. శవాన్ని నల్లవాళ్ళ వ్యాపారాలున్న వీధికి ఈడ్చుకెళ్ళి వేలాడదీసి, కింద మంటపెట్టారు. ఆ వీధినీ తగలబెట్టారు.

కోర్టు చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఇప్పుడున్నది తర్వాత కట్టిన భవనం. ఆవరణలో ఎత్తైన స్తంభం మీద కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహం, అంతర్యుద్ధంలో బానిసత్వం నిలవాలన్న పక్షం మనిషి, వానలో తడుస్తోంది. వాన జోరందుకుంది, దిగలేకపోయాం. నేను మోడల్ హోమ్‌లు చూడటానికి వచ్చినప్పుడు కాఫీ తాగిన చోటు అక్కడికి రెండు వీధుల అవతల.

హైవే ఎక్కాక అడిగాను, “నాన్నా, ఆ ముగ్గురి పేర్లేమిటి?”

రెండు వెంటనే చెప్పారు, ఇంటిపేర్లతో సహా. మూడోది రాలేదు. “కిటికీ పక్కన మూడో బెంచీ. లెక్కల్లో గట్టివాడు. అబ్బా...” అని కళ్ళు మూసుకున్నారు. ఆనా దాటాం, మెలిసా దాటాం. వైపర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పట్టాల మీద గూడ్సు ఒకటి పక్కగా పోయింది, ఆయన లెక్కపెట్టలేదు.

మెకిన్నీలో 380 ఎగ్జిట్ తీసుకుంటుంటే సీట్లో ముందుకు జరిగి మూడో పేరు చెప్పారు. లోపలి లైటు వెయ్యమని, డైరీ తీశారు.